ఐ.పి. నుంచి ఛాప్టర్ 13 దాకా

కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి "ఐ.పి. పెట్టాడు" అన్న మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మిర్చి షావుకారో, పత్తి వ్యాపారో, చీటీల ఆసామీయో రాత్రికి రాత్రి తలుపులు మూసి, మర్నాడు కోర్టులో కాయితం పడేస్తే ఊరంతా గుప్పుమనే మాట అది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న ఇంగ్లీషు మాటలకి అవి పొడి అక్షరాలని చాలామందికి తెలియదు. తెలియకపోయినా అర్థం మాత్రం ఖాయమైపోయింది. డబ్బు ఎక్కడో దాచేసి చేతులెత్తేశాడని! వాడి ఇంటికి పిల్లనివ్వరు. వాడు ఎదురొస్తే పక్కకి తప్పుకుంటారు.

ఆవకాయ జాడీతోపాటు ఈ అర్థాన్ని కూడా మనం సూట్‌కేసులో సర్దుకుని అమెరికా తెచ్చుకున్నాం. ఇక్కడ బాంక్రప్సీ అన్న మాట వినగానే మన చెవికి ఐ.పి. అనే వినిపిస్తుంది. నిజానికి ఈ రెండూ ఒక తాను ముక్కలే. రెండూ ఇంగ్లండు చట్టంలోంచి పుట్టినవే. కానీ నూరేళ్ళలో వాటి దారులు ఎంత వేరయ్యాయో తెలుసుకోకపోతే, అవసరం వచ్చినప్పుడు మనవాళ్ళు చేసే పని ఏమిటంటే, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఆఖర్న కూడా అక్కడికే చేరడం. అందుకే పండగ సంచికలో ఈ అపశకునపు కబుర్లేమిటని విసుక్కోకుండా కాస్త ఓపికగా చదవమని మనవి.

అప్పు మనకి కొత్తదేం కాదు. సాక్షాత్తూ ఏడుకొండలవాడే పెళ్ళి ఖర్చుకి కుబేరుడి దగ్గర అప్పు చేసి, ఇంకా వడ్డీ కడుతున్నాడని నమ్మే జాతి మనది. సుమతీ శతకకారుడు మనిషి కాపురముండదగిన ఊరికి లక్షణాలు చెప్తూ మొదట అప్పు పుట్టడాన్నే చెప్పాడు. వైద్యుడు ఆ తర్వాతే. వైద్యుణ్ణి గనక ఈ వరసక్రమం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది గానీ, ఆస్పత్రి బిల్లులు చూస్తుంటే కవి లోకం తెలిసినవాడే అనిపిస్తుంది.

మన ధర్మశాస్త్రాలు కూడా అప్పుని చిన్నచూపు చూడలేదు. నారదస్మృతిలో 18 వ్యవహార పదాలుంటే మొదటిది ఋణాదానమే. అసలుని మించిన వడ్డీ ఒకేసారి వసూలు చేయకూడదన్న కట్టుబాటు ఒకటుంది. దామ్‌దుపట్ అన్న పేరుతో ఇంగ్లీషువాళ్ళ కోర్టులు కూడా కొన్ని ప్రాంతాల్లో దాన్ని ఒప్పుకున్నాయి. ఇది అప్పు తీసుకున్నవాడికి రక్ష. దీనికి ఎదురుగా ఇంకొకటుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి, లేకపోతే తండ్రికి పరలోకంలో గతి ఉండదు. జూదానికో తాగుడికో చేసిన అప్పయితే తప్ప మినహాయింపు లేదు. హిందూ కుటుంబాల్లో ఇది ఒట్టి నమ్మకం కాదు, కోర్టులు అమలుపరచిన చట్టం. తెలంగాణలో భగేలా పద్ధతి ఇంకా ఘోరం. అప్పుకి బదులు మనిషే దొర దగ్గర పనికి కుదరాలి. తీరకపోతే కొడుకు కుదరాలి. దేశమంతటా ఇలాంటి కట్టుచాకిరీని తుడిచిపెట్టే చట్టం 1976లో గానీ రాలేదు. ఇంత సరంజామాలో లేనిది ఒకటే. తీర్చలేనివాడు తీర్చలేనని చెప్పుకుని, ఉన్నది అప్పగించి, బయటపడే ద్వారం.

ఆ ద్వారం ఇంగ్లండులో కూడా చాలా ఆలస్యంగానే తెరుచుకుంది. బాంక్రప్ట్ అన్న మాటకి మూలం ఇటలీలో ఉందంటారు. వ్యాపారి అప్పు ఎగ్గొడితే బజార్లో వాడు కూర్చునే బల్లని విరగ్గొట్టేవారట. మన దివాలాకి కూడా ఇలాంటి కథే ఒకటి చెప్తారు. చేతులెత్తేసిన షావుకారు పట్టపగలు కొట్లో దీపం వెలిగించి కూర్చునేవాడట. ఈ వ్యుత్పత్తులు ఎంతవరకు నిజమో పండితులు తేల్చుకోవాలి గానీ, విరగ్గొట్టడం కన్నా దీపం పెట్టడమే నాకు బాగుంది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన మొదటి చట్టం అప్పులవాణ్ణి నేరస్థుడిగానే చూసింది. 1705లో ఆన్ రాణి కాలంలో మొట్టమొదటిసారి, నిజాయితీగా ఆస్తి అప్పగించిన వ్యాపారికి మిగిలిన బాకీ మాఫీ అన్నారు. అదే చట్టంలో, ఆస్తి దాచి మోసం చేస్తే ఉరి అని కూడా అన్నారు!

అమెరికా ఈ విషయంలో మొదటినుంచీ రెండు మనసులతో ఉంది. 1787లో రాజ్యాంగం రాసుకున్నప్పుడే దివాలా చట్టాలు దేశమంతటికీ ఒకే రీతిగా చేసే అధికారం కాంగ్రెసుకి ఇచ్చారు. కానీ చట్టం చెయ్యడానికి పదమూడేళ్ళు పట్టింది. ఈలోగా ఎవరు జైలుకెళ్ళారో చూడండి. రాబర్ట్ మోరిస్ అని, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, విప్లవ యుద్ధానికి డబ్బు సర్దిపెట్టినవాడు. భూముల బేరాల్లో మునిగిపోయి 1798లో ఫిలడెల్ఫియాలో అప్పులవాళ్ళ జైల్లో పడ్డాడు. జార్జి వాషింగ్టన్ ఆ జైలుకే వెళ్ళి ఆయనతో కలిసి భోజనం చేశాడు. జేమ్స్ విల్సన్ సంగతి ఇంకా విడ్డూరం. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండగానే అప్పుల కింద జైలు పాలయ్యాడు. ఆ పదవిలోనే, అప్పులవాళ్ళకి దూరంగా నార్త్ కరొలైనాలో తలదాచుకుని, 1798లో పోయాడు. 1800లో మొదటి దివాలా చట్టం వచ్చింది. దాని పుణ్యాన మోరిస్ 1801లో బయటికొచ్చాడు. 1803లో ఆ చట్టాన్ని రద్దు చేసేశారు.

అక్కణ్ణించి ఒకటే వరస. ఎప్పుడు ఆర్థికంగా దేశం కుప్పకూలితే అప్పుడు ఒక చట్టం. కాస్త కోలుకోగానే దాని రద్దు. 1837 పతనం తర్వాత 1841లో రెండో చట్టం వచ్చింది. ఇది ముఖ్యమైనది. అంతకుముందు అప్పిచ్చినవాడే కోర్టుకి లాగాలి, పైగా అది వ్యాపారులకే వర్తించేది. ఇప్పుడు మామూలు మనిషి తనంతట తాను వెళ్ళి, నా వల్ల కాదని చెప్పుకోవచ్చు. చట్టం ఉన్న రెండేళ్ళలోనే 30 వేలమందికి పైగా అప్పుల్లోంచి బయటపడ్డారు. అప్పిచ్చినవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1843లో అదీ పోయింది. అంతర్యుద్ధం తర్వాత 1867లో మూడోది, 1878లో దాని రద్దు. చివరికి 1898 చట్టం నిలబడింది.

మధ్య కాలంలో అప్పులవాళ్ళు ఏం చేశారంటే, టెక్సస్ పారిపోయారు. 1839లోనే అప్పటి టెక్సస్ రిపబ్లిక్ ఒక చట్టం చేసింది. అప్పిచ్చినవాడు కాపురమున్న ఇంటిని, కొంత భూమిని ముట్టుకోకూడదు. తలుపు మీద మూడక్షరాలు రాసి ఇల్లొదిలి టెక్సస్ వెళ్ళిపోయినవాళ్ళ కథలు ఆ రోజులవే. ఈనాటికీ హూస్టన్, డాలస్ తెలుగువాళ్ళ సొంతింటికి చాలా రాష్ట్రాల్లో లేనంత రక్షణ ఉండటానికి మూలం అది. అయితే ఇప్పుడెవరైనా ఆ ఆశతో మకాం మారుద్దామనుకుంటే 2005 చట్టం అడ్డుకట్ట వేసింది. ఇల్లు కొని సుమారు 40 నెలలు దాటనిదే పూర్తి రక్షణ దొరకదు.

అబ్రహాం లింకన్‌కి కూడా అప్పుల బాధ ఉంది. న్యూ సేలంలో భాగస్వామితో పెట్టిన కొట్టు మునిగింది. ఆ భాగస్వామి 1835లో చనిపోయాడు. మొత్తం అప్పు లింకన్ నెత్తిన పడింది. గుర్రాన్ని, సర్వే పనిముట్లని కూడా వేలం వేశారు. ఏళ్ళ తరబడి కట్టి తీర్చాడు. ఆ పెద్దమనిషే వకీలయ్యాక, 1841 చట్టం కింద ఎంతోమందికి దివాలా పిటిషన్లు వేసిపెట్టాడు. తను కట్టాడు కదా అని ఇంకొకణ్ణి కట్టమనలేదు. మార్క్ ట్వేన్ ప్రచురణ సంస్థ 1894లో మూతపడింది. టైపు పేర్చే యంత్రం ఒకదాని మీద ఆయన పోసిన డబ్బు కూడా పోయింది. చట్టప్రకారం మొత్తం కట్టనక్కర్లేకపోయినా ప్రతి డాలరూ కడతానని, 1895లో ప్రపంచమంతా ఉపన్యాసాలకి బయల్దేరాడు. 1896లో బొంబాయి, కాశీ, కలకత్తా తిరిగాడు. మన దేశం గురించి ఆయన రాసిన పుస్తకం ఆ అప్పు తీర్చే ప్రయత్నంలో పుట్టిందే. 1898 నాటికి అందరికీ చెల్లించేశాడు. ట్వేన్‌ని మెచ్చుకోని వాళ్ళుండరు. కానీ నాలుగూళ్ళు తిరిగి నవ్వించి డబ్బు సంపాదించే విద్య అందరికీ ఉండదు కదా!

మన మద్రాసులో చూద్దాం. అప్పట్లో తెలుగు జిల్లాలు అందులో భాగమే. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ అన్న పెద్ద ఇంగ్లీషు బ్యాంకు కూలిపోయింది. పింఛన్లు, ఆడపిల్లల పెళ్ళికి దాచుకున్న సొమ్ము, అన్నీ అందులో పోయాయి. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. మనవాళ్ళ బ్యాంకు మనకి ఉండాలన్న పట్టుదలతో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1909లో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకి దివాలా చట్టం వచ్చింది. పల్లెటూళ్ళకీ జిల్లాలకీ 1920 చట్టం. మన ఐ.పి. ఆ 1920 చట్టం కిందిదే.

ఇక్కడే చరిత్రలో ఒక చిత్రమైన సంవత్సరం ఉంది. 1938. ఆర్థికమాంద్యంలో రైతులు చితికిపోయి ఉన్నారు. రాజాజీ మంత్రివర్గం మద్రాసు రైతుల ఋణవిముక్తి చట్టం తెచ్చింది. 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న పాత వడ్డీ అంతా రద్దు. అసలుకి రెట్టింపు అప్పటికే కట్టేసిన రైతుకి బాకీయే లేదు. దామ్‌దుపట్ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చినట్టు లేదూ? మన తాతల నోట్లు కొన్ని ఆ చట్టం కిందే చెల్లిపోయాయి. దాన్ని ఎవరూ మోసమనలేదు, పరువు తక్కువనీ అనలేదు.

సరిగ్గా అదే 1938లో అమెరికాలో చాండ్లర్ చట్టం వచ్చింది. అలబామాలో బర్మింగ్‌హామ్ కోర్టులో, జీతం రాళ్ళతో బతికేవాళ్ళు తమ అప్పుని కోర్టు నీడలో కొద్దికొద్దిగా కట్టుకునే పద్ధతిని అప్పటికే వాడి చూశారు. చాండ్లర్ చట్టం దాన్ని దేశమంతటికీ ఇచ్చింది. ఛాప్టర్ 13 అన్న పేరు అప్పటిదే. దానికి నాలుగేళ్ళ ముందు, 1934లో, లోకల్ లోన్ కంపెనీ వర్సెస్ హంట్ అన్న కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. 300 డాలర్ల అప్పుకి రాబోయే జీతంలో కొంత రాసిచ్చిన మనిషి దివాలా తీశాడు. ఇక మీదట వచ్చే జీతం కూడా మాదేనంది కంపెనీ. కుదరదంది కోర్టు. నిజాయితీపరుడైన అభాగ్యుడికి కొత్తగా బతుకు మొదలుపెట్టుకునే వీలివ్వడమే ఈ చట్టం పరమార్థమని తేల్చింది. నన్నడిగితే అమెరికా దివాలా చట్టం ఆత్మంతా ఈ తీర్పులోనే ఉంది.

ఇప్పుడు నడుస్తున్న చట్టం 1978లో చేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. బ్యాంకు తానున్న రాష్ట్రం వడ్డీ రేటునే దేశమంతటా వసూలు చేసుకోవచ్చని. దాంతో క్రెడిట్ కార్డు బ్యాంకులు వడ్డీకి హద్దులేని సౌత్ డకోటా, డెలవేర్ రాష్ట్రాల్లో దిగాయి. మీ కార్డు బిల్లు ఎప్పుడూ చూడని ఊరి నుంచి ఎందుకొస్తుందా అనుకుంటే కారణం ఇదే. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్ళు 1959లో సినిమా తీసి నవ్వుకున్నారు. ఇక్కడ పప్పే కాదు, పచారీ సామానంతా అప్పే అయింది. 1996లో దివాలాలు పది లక్షలు దాటాయి. 2005లో చట్టం బిగిస్తున్నారని తెలిసి ముందే పరిగెత్తినవాళ్ళతో కలిపి 20 లక్షలు దాటాయి. ఆ ఏడాది అక్టోబరు 17న కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాక, మరుసటేడు 6 లక్షల చిల్లరకి పడిపోయాయి.

దానికి నెల ముందు, 2005 సెప్టెంబరు 9న, భారతదేశంలో హిందూ వారసత్వ చట్టానికి సవరణ అమల్లోకొచ్చింది. ఆడపిల్లలకి సమాన హక్కు వచ్చిన సవరణగా అందరికీ గుర్తుంది. అందులోనే, తండ్రి కొత్తగా చేసే అప్పుకి కేవలం పుత్రధర్మం పేరుతో కొడుకుని పట్టుకోకూడదని కూడా ఉంది. అంతకు ముందే, 1980లో, జస్టిస్ కృష్ణయ్యర్, కట్టే శక్తి లేకపోవడం ఒక్కటే కారణంగా మనిషిని జైల్లో పెట్టకూడదని తీర్పిచ్చారు. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పుకి హామీ సంతకం పెట్టినవాళ్ళకే అమల్లోకి తెచ్చారు. మామూలు మనిషికి ఇంకా ఆ పాత ఐ.పి.యే గతి.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, 2009లో మా ఊళ్ళో ఒక కుటుంబం. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండో ఇల్లు అద్దెకిద్దామని కొన్నారు. ఉద్యోగం పోయింది. పరువు అన్న ఒక్క మాట కోసం 401కె మొత్తం తీసి కార్డుల బాకీలకి పోశారు. ముందే తీసినందుకు పన్ను, జరిమానా. తర్వాత ఆవిడ నగలు. ఆ తర్వాత బావగారి దగ్గర చేబదులు. రెండేళ్ళు ఈదులాడి, చివరికి దివాలా కోర్టుకే వెళ్ళారు. లాయరు మొదట అడిగిన ప్రశ్న, "ఆ రిటైర్‌మెంట్ డబ్బు ఎందుకు ముట్టుకున్నారు?" అని. ఉద్యోగం ద్వారా దాచుకున్న 401కె డబ్బు మీద అప్పిచ్చినవాళ్ళ చెయ్యి పడదని 1992లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాపాడుకోదగ్గ సొమ్ముని తామే తీసి ఇచ్చేశారు.

కనుక దారులేమిటో టూకీగా చూద్దాం. ఛాప్టర్ 7 అంటే ఉన్న ఆస్తిలో చట్టం మినహాయించినది పోగా మిగిలింది అప్పగించి, మామూలుగా నాలుగైదు నెలల్లో బయటపడటం. 2005 తర్వాత, ఆదాయం ఎక్కువున్నవాళ్ళకి రాష్ట్రపు మధ్యస్థ ఆదాయంతో పోల్చి చూసే పరీక్ష ఉంది. మన డాక్టర్లూ ఇంజనీర్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఛాప్టర్ 13 అంటే ఆస్తి ఉంచుకుని, మూడు నుంచి ఐదేళ్ళు జీతంలోంచి కట్టుకోవడం. వాయిదాలు తప్పిన ఇంటిని నిలబెట్టుకోవాలంటే ఇదే మంచిది. కోర్టులో కాయితం పడిన క్షణం నుంచి ఫోన్లూ దావాలూ ఆగిపోతాయి. పిల్లల భరణం, మోసంతో చేసిన అప్పులు, కొత్త పన్నుబాకీలు, చాలావరకు చదువు అప్పులు మాత్రం పోవు. దివాలా తీశాడన్న ఒక్క కారణంతో ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని చట్టంలో ఉంది. క్రెడిట్ రిపోర్టులో ఛాప్టర్ 7 పదేళ్ళు కనబడుతుంది.

అంతదాకా పోకముందు మెట్లున్నాయి. లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థలు వడ్డీ తగ్గించి నెలవారీ పద్ధతి కుదురుస్తాయి. సగానికి సెటిల్ చేస్తామని ఫోన్లో ఊదరగొట్టేవాళ్ళతో మాత్రం జాగ్రత్త. పని జరగకుండా ముందే ఫీజు తీసుకోకూడదని 2010లోనే నిబంధన వచ్చింది. పైగా సెటిల్‌మెంట్‌లో మాఫీ అయిన సొమ్ము సాధారణంగా ఆదాయపు లెక్కలోకొస్తుంది, దివాలాలో మాఫీ అయినది రాదు. ఇక ఆస్పత్రి బిల్లు గురించి నాకు తెలిసిన మాట. లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ 2010 చట్టం ప్రకారం ఆర్థిక సహాయ విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలి. అడగండి. అడిగేవాళ్ళు తక్కువ గనకనే అది చాలామందికి తెలియదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఒంట్లో బాగోకపోతే, అడ్మిషన్ కాయితాల్లో గ్యారెంటార్ అన్న గడిలో సంతకం పెట్టేముందు ఒక్కసారి చదవండి. ఇక్కడి చట్టానికి సంతకం బాగా తెలుసు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా మూడు గుంటలున్నాయి. ఒకటి, స్నేహితుడి కారుకో, తమ్ముడి వ్యాపారానికో పెట్టిన హామీ సంతకం. అవతలివాడు ఛాప్టర్ 7లో బయటపడితే బాకీ మొత్తం మీ మీదికి తిరుగుతుంది. ఛాప్టర్ 13 నడుస్తున్నంతకాలం, సొంత అవసరాలకి చేసిన అప్పులో హామీదారుకి కొంత రక్షణ ఉంటుంది. రెండు, "ముందు బావగారి బాకీ తీర్చేసి తర్వాత కోర్టుకెళ్దాం" అనుకోవడం. మనకది ధర్మం. చట్టానికి మాత్రం బంధువుకి చేసిన పక్షపాతం. కోర్టుకెళ్ళడానికి ముందు ఏడాది లోపల బంధువులకి కట్టిన డబ్బుని ట్రస్టీ వెళ్ళి బావగారి దగ్గర్నుంచే వెనక్కి లాగవచ్చు.

మూడోది మాధాపూర్‌లో ప్లాటు. లేదా బెజవాడలో ఫ్లాటు, ఊళ్ళో రెండెకరాల మాగాణిలో వాటా. అమెరికా కోర్టుకి అవేం తెలుస్తాయని మనవాళ్ళ ధీమా. ప్రపంచంలో ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా, ఆస్తి ఆస్తే అని చట్టం అంటుంది. రాయకుండా దాచితే మాఫీ పోవడమే కాదు, అది నేరం. ఊళ్ళోవాళ్ళు ఐ.పి.కి చెప్పుకునే అర్థం అప్పుడు నిజంగానే మన మీద పడుతుంది. అంతేకాదు, ఛాప్టర్ 7 వేసిన తర్వాత 180 రోజుల లోపల వారసత్వం కలిసొస్తే అది కూడా అప్పిచ్చినవాళ్ళ లెక్కలోకి వెళ్తుంది. అందుకని ఇంటి దగ్గర పెద్దవాళ్ళ వయసెంత, ఆస్తి ఎవరి పేర ఉంది, భాగాలయ్యాయా లేదా అన్న సంగతులన్నీ మొదటి రోజునే లాయరు ముందు పెట్టండి. మన ఉమ్మడి కుటుంబం గురించి ఇక్కడి లాయరుకి విడమరచి చెప్పడానికి ఒక గంట పడుతుంది. ఆ గంటకి ఫీజు ఇచ్చినా నష్టం లేదు.